గాజు బిరడాకు వేసిన ముడి

నా పెళ్ళయిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల మర్యాదలు మారిపోతున్నాయి. అంతకుముందు ఇంటికి ఎవరైనా వస్తే చెంబుతో నీళ్ళిచ్చి, "కూసోండ్రి, చాయ్ పెడ్త" అంటే సరిపోయేది. చాయ్ బాగుంటే ఇంకాసేపు కూర్చునేవాళ్ళు, బాగాలేకపోతే ఏదో పని గుర్తొచ్చి లేచేవాళ్ళు. ఆ తర్వాత ఏం గాలి వీచిందో గాని, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం మానేసి ఇల్లు తిప్పి చూపించడం మొదలైంది. ఇది పాలరాయి, ఇది ఫాల్స్ సీలింగు, ఇది పూజ గది తలుపు, తిరుపతి నుంచి తెప్పించాం అని. చూసేవాళ్ళ మెడలు నొప్పి పుట్టేవి, చూపించేవాళ్ళకు మాత్రం అలుపుండేది కాదు. ఆ తిప్పుడులో మా ఇంట్లో చివరగా చూపించే వస్తువు ఒకటుండేది. దాని గురించే ఈ సంగతంతా. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గాని జ్ఞాపకం ఆగలేదు. ఆగి ఉంటే బాగుండునని అనిపించే జ్ఞాపకాల్లో ఇది మొదటిది. సగం చెప్పేదాకా నేనే నవ్వుతాను, మిగతా సగం చెప్పేటప్పుడు తల ఎత్తలేను.

మా అత్తగారివాళ్ళూ మావాళ్ళూ పోచంపల్లి వైపు మగ్గాల ఊళ్ళవాళ్ళమే. వాళ్ళు ముందుగా పట్నం వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టుకున్నారు, కర్మన్‌ఘాట్ దగ్గర ఇల్లు కట్టుకున్నారు. మా నాయిన మాత్రం ఊళ్ళోనే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఉండిపోయాడు. నేను ఆ ఇంటికి చిన్న కోడలిని. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి పెత్తనమంతా మా ఆయన అన్నది. ఆయన్ను నేను మనసులో 'షోరూం బావ' అనుకునేదాన్ని. (పైకి అనే ధైర్యం ఇప్పటికీ లేదు. ఆయన ఇది చదవడని నమ్మకంతో రాస్తున్నాను. చీరల డబ్బాల మీది అక్షరాలు తప్ప ఆయన ఏమీ చదవడు.) ఇంట్లో చీపురును కూడా ఎవరైనా చూస్తారేమో అన్నట్టు నిలబెట్టే మనిషి. ఆయన ఒకరోజు ఎవరో పెద్ద వ్యాపారి ఇంటికి భోజనానికి పోయొచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "అమ్మా, మన హాల్ల బార్ పెడ్తున్న" అన్నాడు.

మా అత్త పప్పులో రాళ్ళు ఏరుతోంది. "ఏం బారుర?" అంది.

"మందు పెట్టే బార్. గెస్టులొస్తె గౌరవంగ ఉంటది."

"ఓరి నీ గౌరవం పాడుగాను. చీరలు అమ్మి అమ్మి సాలలేదా, ఇంట్ల గూడ దుకాణం దెరుస్తవా?"

"అమ్మేటిది గాదమ్మా, ఊకెనే ఇచ్చేటిది."

"ఊకెనే ఇచ్చేటిదైతె ఇంక లేవనే లేవరు గదరా వాళ్ళు!" అని మా అత్త మళ్ళీ చాట అందుకుంది.

అయినా వడ్రంగి వచ్చాడు. హాల్లో ఓ మూల నడుమెత్తున నల్ల రాయి వేసిన గట్టు, వెనక గోడకు అద్దం, అద్దం ముందు గాజు అరలు, అరల పైన ఎరుపు నీలం బల్బులు, ముందర నాలుగు ఎత్తు స్టూళ్ళు. (ఆ స్టూళ్ళ మీద ఎక్కి కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. బావ మొదటిసారి ఎక్కినప్పుడు స్టూలు గుండ్రంగా తిరిగి ఆయన ముఖం వంటగది వైపు వచ్చి ఆగింది. నేను పొయ్యి వైపు తిరిగి నవ్వుకున్నాను.) పైన చెక్కకు గ్లాసులు తలకిందులుగా వేలాడదీశారు. మా అత్తకు అది నచ్చలేదు. శుభమా అని కొత్తది పెట్టుకుని గ్లాసులను గబ్బిలాల్లాగా వేలాడదీస్తారా అని, బావ దుకాణానికి పోగానే ఒక్కొక్కటీ తీసి నిటారుగా సర్దేది. సాయంత్రం ఆయనొచ్చి మళ్ళీ వేలాడదీసేవాడు. వారం రోజులు ఇదే పని. చివరికి ఆమె కొబ్బరికాయ కొట్టి, గట్టుకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ మిరపకాయలు కట్టాకే గ్లాసుల జోలికి పోవడం మానింది. సీసాలతో పాటు వచ్చిన చిన్న స్టీలు కొలత గిన్నెను మాత్రం దేవుడి దీపానికి నూనె పోసుకోవడానికి తీసేసుకుంది. అది పెగ్గు కొలిచేదని బావ ఎంత మొత్తుకున్నా, "దేవునికి గూడ కొలతుండాలె గదరా" అని ఇవ్వలేదు.

ఇక సీసాలు. వాటిని సర్దే పని నా మీద పడింది. ఇంట్లో డబ్బాలు వరసగా పెట్టేది నేనేనని బావకు తెలుసు. కార్డుబోర్డు పెట్టెల్లో సీసాలు దింపి, పైనుండి కిందికి ఏది ఎక్కడుండాలో ఒక్కసారి చెప్పాడు. వాటి మీదంతా ఇంగ్లీషు. నాకు వచ్చిన ఇంగ్లీషు మా ఇంటి నంబరు వరకే. అందుకని బొమ్మలు గుర్తు పెట్టుకున్నాను. గుర్రం మీద మనిషి ఉన్నది విస్కీ. గడ్డం ముసలాయన ఉన్నది రమ్ము. ద్రాక్ష గుత్తి ఉన్నది ఆడవాళ్ళకిచ్చే వైను. నీళ్ళలాగా ఉండి ఏ బొమ్మా లేనిది వోడ్కా, అది నీళ్ళనుకుని చెట్లకు పొయ్యొద్దు. అన్నీ నోటికొచ్చేశాయి. కాని బావ చెప్పిన వరస నా కళ్ళకు నచ్చలేదు. మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, రంగు పక్కన రంగు కుదరకపోతే అన్నం సయించదు. పైన తెల్లవి, వాటి కింద లేత పసుపువి, తర్వాత తేనె రంగువి, అడుగున ముదురు ఎరుపువి పెట్టి, మధ్య మధ్య పచ్చ సీసాలు బుటాల్లాగా వేశాను. లైట్లు వేస్తే గోడకు పట్టుచీర పరిచినట్టుంది. బావ వచ్చి లైట్లు ఆర్పి, మళ్ళీ వేసి చూశాడు. "వరస తప్పింది గని, మంచిగనే గొడ్తున్నది" అన్నాడు. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అదే. ఆ రాత్రి నేను నేల మీద నడిచి ఉండను.

అన్ని సీసాల మధ్య ఒక గాజు కూజా ఉండేది. లావుపాటి పొట్ట, సన్నటి మెడ, మెడ పైన అంచు, అందులో కూర్చునే బరువైన గాజు బిరడా. అందులో ఏం పోస్తారో బావకు కూడా తెలియదు. చూసిన ఇంట్లో ఉంది కాబట్టి కొన్నాడు. ఖాళీగానే నడిమి అరలో పెట్టాడు. దాని పక్కనే మా పెద్దక్క (బావ భార్య, నా తోటికోడలు) వాళ్ళ నాయిన ఇచ్చిన సీసా. ఆయన చీరల హోల్‌సేల్ వ్యాపారి, కారులో వచ్చి మఖ్మల్ గుడ్డ పరిచిన పెట్టెలో ఆ సీసాను తెచ్చి ఇచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ పెద్దక్క ఆ సీసాను చూపించి, "మా నాయిన తెచ్చిండు" అనేది. ఆమె మంచిదే, గొప్పకని కాదు, ప్రేమకే అనేది. కాని విన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి పోయేదాన్ని. మా నాయిన వస్తే ఏం తెస్తాడు? ఆయన ఆ ఇంటికి పెళ్ళి తర్వాత ఒక్కసారీ రాలేదు. వస్తే నవ్వులపాలు కాకూడదు, ఎవరూ ఆయన్ను తక్కువగా చూడకూడదు. పెళ్ళయిన ఆ ఆరు నెలలూ నాకు అదొక్కటే దిగులు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఆదివారం దావత్ పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా లేస్తున్న కాంప్లెక్సు ఓనరును బావ మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, ఇంట్లో అందరం ఆయన్ను 'కాంప్లెక్సు సారు' అనేవాళ్ళం. అందులో రోడ్డు మీది మూల మడిగె (షాపు గది) ఆయన మాకు ఇస్తే మా దుకాణం దశ తిరుగుతుందని బావ ఆశ. మా అత్త ఎవరితో చెప్పకుండా మా ఊరికి ఫోన్ చేయించి, "దావత్ ఉన్నదన్నా, నువ్వు గూడ రా. వచ్చేటప్పుడు మన దిక్కు కల్లు జర పట్కరా, తాగక ఎన్నేండ్లాయెనో" అని మా నాయినకు కబురు చేసిందట. ఈ కల్లు సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆదివారం పొద్దున ఇల్లంతా మసాలా వాసన. కొత్తపేట పండ్ల మార్కెట్టు నుంచి (ఇప్పుడది బాటసింగారం పోయింది గాని అప్పుడు మాకు దగ్గరే) నిమ్మకాయలు తెచ్చి కోస్తున్నాను. గేటు చప్పుడైంది. చూస్తే మా నాయిన. తెల్ల ధోవతి, భుజాన తను నేసిన తువ్వాలు, చేతిలో వంట నూనె ప్లాస్టిక్ క్యాను. క్యాను మూతికి మూత లేదు, తాటాకు చుట్టి కుక్కి ఉంది. సందుల్లోంచి నురగ కారి ధోవతి మీద మరకలు. చుట్టూ ఓ రెండు ఈగలు. ఎల్బీనగర్‌లో బస్సు దిగి నడిచొచ్చాడట.

"బిడ్డా!" అన్నాడు నవ్వుతూ. "కండక్టరు బస్సు ఎక్కనియ్య అన్నడు. జర రుచి జూడు అన్న, సీటు గూడ ఇచ్చిండు."

నేను నవ్వలేదు. ఎవరైనా చూశారా అని వెనక్కి చూశాను. మా నాయిన ఆరు నెలల తర్వాత నన్ను చూడటానికి వస్తే నేను చేసిన మొదటి పని అది.

"గిదేంది నాయినా, గీ క్యానేంది? వాళ్ళందరు ఏమనుకుంటరు?"

"చెల్లె తెమ్మన్నది గద! పొద్దుగాల గౌడన్న చెట్టు దిగేదాక తాళ్ళకాడనే నిలవడ్డ. తీయగున్నది. అండ్ల పొయ్యి, ఇండ్ల పొయ్యి గని, మూత బిగియ్యకు బిడ్డా. ఊపిరాడాలె దానికి."

నేను విన్నాను. విన్నా, కారులో వచ్చిన మఖ్మల్ పెట్టే నా కళ్ళ ముందు నిలబడింది. క్యాను తీసుకుని గబగబా వెనక వైపు నుంచి లోపలికి పోయాను. తర్వాత నేను అన్న మాట రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది. "నాయినా, నువ్వు గా లోపలి అర్రల పండుకో. సార్లు తిని పోయినంక మనం తిందాం" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూసి, "మంచిగ జెప్పినవ్. నాకు గూడ జర నడుము వాలిస్తె బాగుండు" అని తువ్వాలు దులుపుకుంటూ లోపలికి పోయాడు. నడుము నొప్పి ఆయనకు ఎప్పుడూ లేదు.

క్యాను పారబోయడానికి చేతులు రాలేదు. ఆయన నడిచిన దూరం గుర్తొచ్చింది. అలాగని ఆ నూనె క్యానును ఆ రంగుల అద్దాల ముందు పెట్టలేను. అప్పుడు నా కన్ను ఖాళీ కూజా మీద పడింది. ఎంత తెలివైనదాన్ననుకున్నానో చెప్పలేను. కల్లు వడకట్టి కూజా నిండా పోశాను. ముత్యాల రంగులో మెరిసిపోయింది. పెద్దక్క వాళ్ళ నాయిన సీసా పక్కన పెడితే, ఏ దేశం నుంచి వచ్చిందో అన్నట్టుంది. ఇక ఎవరైనా అడిగితే నేను కూడా మెడ ఎత్తి "మా నాయిన తెచ్చిండు" అనొచ్చు. మిగిలిన కొంచెం క్యానులోనే ఉంచి పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనక దాచాను. బిరడా పెట్టాను. పెట్టినా పుల్లటి వాసన వస్తూనే ఉంది, బిరడా మెల్లగా పైకి లేస్తోంది కూడా. నొక్కితే మళ్ళీ లేస్తోంది. అప్పుడు చేశాను ఆ పని. నా పెట్టెలో ఉన్న పట్టుదారం తీసి నాలుగు పోగులు కలిపి, బిరడా మీదుగా మెడ అంచు కిందికి అటూ ఇటూ పదహారు చుట్లు లాగి, మా ఇళ్ళల్లో చిటికి కట్టేటప్పుడు వేసే ముడి వేశాను. చిటికి అంటే తెలియనివాళ్ళకు చెబుతాను: పోచంపల్లి చీరకు నూలును ముందే కట్టలు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు చుక్క కూడా దూరకూడదు. దూరిందా, చీర పాడు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి మా నాయిన పక్కన కూర్చుని వేసిన ముడి అది. కోస్తే తప్ప ఊడదు. వాసన ఆగిపోయింది. కూజాను నడిమి అరలో, రంగు బల్బుల కింద పెట్టి, చేతులు కడుక్కున్నాను. బావ ఆ బల్బులు పొద్దుటి నుంచీ వెలిగించే పెట్టాడు. ముట్టుకుంటే చురుక్కుమనేవి.

సారు ఒంటి గంటకు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పాంటు, చేతికి లావు గొలుసు. బావ ఇల్లంతా తిప్పి చివరికి బారు దగ్గరికి తెచ్చాడు. "బ్రహ్మాండంగా ఉందండీ! ఎవరండీ సర్దింది? సీసాలు కూడా చీరల్లా పెట్టారే!" అన్నాడు సారు. నేను తలుపు చాటున పొంగిపోయాను. ఆయన స్టూలు ఎక్కబోయి, అది తిరగబోతే దిగి, "నాకు సోఫాయే బాగుంటుందండీ" అని కూర్చున్నాడు. బావ గుర్రం బొమ్మ సీసా తీశాడు. కొలత గిన్నె దేవుడి గదిలో ఉంది కాబట్టి అందాజుగా పోశాడు. ఆ అందాజు చూసి సారు కళ్ళు పెద్దవి చేశాడు.

అంతలో మా అత్త లోపలి గదిలోంచి మా నాయిన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "గిదేందన్నా, ఇంటికొచ్చిన మనిషివి చీకట్ల గూసున్నవ్? రా, అందర్తోని కూసో" అని సారు పక్కన కూర్చోబెట్టింది. ధోవతి మీద కల్లు మరకలు అలాగే ఉన్నాయి. కాని సారు వాటిని చూడనే లేదు. భుజం మీది తువ్వాలు పట్టుకున్నాడు.

"బాబాయ్, ఇది మీరే నేశారా? మా ఆవిడకు ఈ చీరలంటే ప్రాణమండీ. ఈ గళ్ళ అంచులు అంత నిక్కచ్చిగా ఎలా వస్తాయండీ?"

మా నాయిన మొహం వెలిగింది. "అంత కట్టుల ఉంటది సారూ. నూలు మీద దారం జుట్టి ముడేస్తం. ముడి సరిగ్గ పడితె రంగు గాదు, గాలి గూడ దూరది."

"అబ్బో! అంత గట్టిగా ఎవరు కడతారు, మీరేనా?"

"నా కండ్లు వోయినయి సారూ, ఇప్పుడు నాతోని గాదు. గిగో మా చిన్నబిడ్డ. గీమె గట్టినట్టు మా ఊర్ల ఎవ్వరు గట్టరు. గాలి లోపల్నుంచి బయటికి గూడ రా—"

ఆ మాట పూర్తి కాలేదు. తుపాకి పేలినట్టు చప్పుడైంది. కూజా పొట్ట రెండు ముక్కలైంది. కల్లు అద్దం మీద, అరల మీద, నేను రంగుల వరసలో పేర్చిన సీసాల మీద ఎగిరి, సారు తెల్ల చొక్కా మీద మెడ నుంచి నడుము దాకా నురగలు కక్కింది. బల్బులు ఒకదాని తర్వాత ఒకటి టప్ టప్‌మని ఆరిపోయాయి. దేవుడి దయ, గాజు ఎవరికీ గుచ్చుకోలేదు. మఖ్మల్ పెట్టె సీసా అర అంచున ఊగి ఊగి, మా ఆయన దూకి పట్టుకుంటే ఆగింది. (ఆ ఇంట్లో మా ఆయన అంత చురుగ్గా కదలడం అదే మొదలు, అదే ఆఖరు.) ఇల్లంతా కల్లు కాంపౌండు వాసన. ఎవరూ కదల్లేదు. మా అత్త మాత్రం అద్దం మీద కారుతున్నదాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, "అయ్యో! ఎంత మంచి కల్లు పాడాయె" అంది.

బావ ముఖం ఎర్రబడింది. "కల్లా? గండ్ల కల్లు ఎవరు వోసిండ్రు? మూతెవరు గట్టిండ్రు?"

కూజా మెడ మాత్రం పగలకుండా, బిరడాతో సహా, దారంతో సహా దొర్లుకుంటూ వచ్చి మా నాయిన కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన వంగి తీశాడు. కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. బొటనవేలితో ముడిని తడిమాడు. చూడాల్సిన పని లేదు, వేలికి తెలుసు. తల ఎత్తి నన్ను చూశాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిచి "నేనే" అంటే చాలు. రెండక్షరాలు. అది కూడా రాలేదు.

"నేనే అల్లుడా" అన్నాడు మా నాయిన. "చెల్లె తెమ్మంటె తెచ్చిన. మంచి సీసా కనవడ్డది, అండ్ల వోసి కట్టిన. తెల్వకపాయె."

"గిది కల్లు కాంపౌండు గాదు మామా! ఎవరొస్తున్నరు, ఏమున్నది అని జూస్కోవద్దా? ఇన్నేండ్లొచ్చినయి, గంత గూడ తెల్వకపోతె ఎట్ల?"

"తప్పయింది" అని మా నాయిన, భుజాన తువ్వాలు తీసి, సారు చొక్కా తుడవబోయాడు. సారు వెనక్కి జరిగి, "అయ్యో, వద్దు బాబాయ్, పెద్దవారు మీరు... చొక్కాదేముందండీ, ఉతికితే పోతుంది" అని తనే తుడుచుకున్నాడు. మా ఆయన చొక్కా ఒకటి ఇస్తే వేసుకుని భోంచేసి పోయాడు. మటన్ బాగుందని రెండుసార్లు అన్నాడు. బావ మాత్రం ఆ పూట ఏం తిన్నాడో ఆయనకే తెలియదు.

మా నాయిన అందరూ తిన్నాక తిన్నాడు. నేను వడ్డించాను. ఆయన ముఖంలోకి చూడకుండా వడ్డించడం ఎంత కష్టమో, కూర విస్తరాకు బయట పడుతుంటే తెలిసింది. "సాలు బిడ్డా, సాలు" తప్ప ఏమీ అనలేదు. ఎండ తగ్గాక పోతానని లేచాడు. గేటు దాకా పోయాను. అప్పుడైనా చెబుదామని, "నాయినా..." అన్నాను. ఆయన తువ్వాలు మడతలోంచి ఆ బిరడా తీసి నా చేతిలో పెట్టాడు. మెడ ముక్క చుట్టూ దారం అలాగే ఉంది, ఒక్క పోగు కూడా జరగలేదు.

"ముడి మంచిగ పడ్డది బిడ్డా" అని, ఖాళీ చేతులు ఊపుకుంటూ ఎల్బీనగర్ వైపు నడిచి పోయాడు. ఎకసెక్కంగా అన్నాడేమో అని ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ గొంతును గుర్తు చేసుకుని వెతికాను. లేదు. పనివాడు పనిని మెచ్చుకున్నట్టే అన్నాడు.

మూల మడిగె మాకు రాలేదు. సారు తన సొంత మనిషికి ముందే మాటిచ్చాడట, ఆ సంగతి తర్వాత తెలిసింది. కాని మా ఇంట్లో మాత్రం ఏళ్ళ తరబడి దావతుల్లో ఈ కథ చెప్పుకుని నవ్వేవాళ్ళు, చివర్లో బావ నా వైపు చూసి, "మీ నాయిన కల్లు పుణ్యమా అని గా మడిగె పాయె" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. మా నాయినను ఎవరూ నవ్వులపాలు చేయకూడదని దిగులుపడ్డ కూతురిని నేనే కదా. ప్రతి నవ్వుకూ లోపల ఇంకో చుట్టు బిగిసేది.

బారు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. వచ్చినవాళ్ళెవరూ ఆ స్టూళ్ళ మీద నిలవలేక సోఫాలోనే కూర్చునేవాళ్ళు. మెల్లగా సీసాలు ఖాళీ అయి ఫ్రిజ్‌లో మంచినీళ్ళకు చేరాయి, గాజు అరల్లో పిల్లల స్కూలు కప్పులు, మా అత్త బీపీ గోళీలు వచ్చాయి. వేలాడే గ్లాసుల కొక్కేలకు ఉల్లిగడ్డల సంచి తగిలించాం. ఒక మధ్యాహ్నం ఆ నల్ల రాతి గట్టు మీద చింతపండు గింజలు తీస్తూ, ఇక ఆగలేక మా అత్తతో చెప్పేశాను. "అత్తమ్మా, ఆనాడు గా మూత గట్టింది మా నాయిన గాదు. నేను."

ఆమె చెయ్యి ఆగలేదు. "నాకెర్కే" అంది.

"ఎట్ల ఎర్క?"

"సూదిల దారం ఎక్కియ్యలేని మనిషి గంత సన్న ముడి ఎట్లేస్తడే? నేను గూడ మగ్గం ఇంట్లనే పుట్టిన. నీ సంసారం కొత్తది, మీ నాయిననే మీదేసుకున్నడు, నేనెందుకు విప్పాలె అని ఊకున్న." ఇంకో గింజ తీసి పక్కన పడేసి, "నువ్వే ఎప్పటికన్న విప్పుతవ్ అని చూసిన. మస్తు దినాలు వట్టింది" అంది. ఆ మాట బావ తిట్టిన దానికంటే లోతుగా దిగింది.

మా నాయినతో కూడా ఒకసారి మొదలుపెట్టాను. ఊరికి పోయినప్పుడు మగ్గం పక్కన కూర్చుని, "ఆనాడు నాయినా..." అనగానే, "గా పోగు తెగింది చూడు, నాకు కనవడ్తలేదు, అతుకు" అన్నాడు. అతికాను. అతికేసరికి మాట మారిపోయింది. ఇప్పుడు ఆయన లేడు. క్షమించమని నేను అడగలేదు, ఆయన అడగనివ్వలేదు.

ఇప్పుడు మేం బడంగ్‌పేట్‌లో ఉంటున్నాం. మొన్న మా అబ్బాయి ఫ్లాటులో చిన్న బారు బల్ల ఒకటి పెట్టించి, "అమ్మా, నువ్వు సర్దు, నీ చెయ్యి మంచిగుంటది" అన్నాడు. బొమ్మలు మారాయి. ముసలాయన లేడు గాని ఓ జింక వచ్చింది. రంగుల వరస మాత్రం అదే వేశాను. నడిమి అరలో ఆ గాజు బిరడాను, ముడితో సహా పెట్టాను. దాని కూజా ఏదని వచ్చినవాళ్ళు అడుగుతారు. "మా నాయిన తెచ్చిండు" అంటాను. కూజా గురించి అడిగితే ఇదేం జవాబని వాళ్ళు తికమకపడతారు.

ఇంకో అలవాటు కూడా ఉండిపోయింది. ఏ సీసాకు మూత పెట్టినా గట్టిగా బిగించి, చివర్లో ఓ అర చుట్టు వెనక్కి తిప్పుతాను. నూనె సీసా, పచ్చడి జాడీ, చివరికి నీళ్ళ బాటిలు కూడా. మా కోడలి బ్యాగు రెండుసార్లు తడిసింది. పోయిన వారం ఆవకాయకు బూజు పట్టింది. "అత్తమ్మా, మూతలన్ని ఎందుకు వదులు పెడ్తరు మీరు? గింత గట్టిగ తిప్పరాదా?" అని మొత్తుకుంది పాపం. తిప్పడం రాదని అనుకుంటోంది. గట్టిగా కట్టడంలో మా ఊళ్ళో నన్ను మించినవాళ్ళు లేరని దానికెట్లా చెప్పాలి? బూజు పట్టిన పైపొర తీసి పారేస్తూ, నాలో నేను నవ్వుకుంటూ, "ఊపిరాడాలె బిడ్డా దానికి" అన్నాను. గొంతు అచ్చం మా నాయినది లాగే వచ్చింది.